ముగ్గుపిండితో గీసిన బండి

ఆ రోజు ఆదివారం. పొద్దున అయిదున్నరకే లేచి, మా ఇంటావిడ ముగ్గుపిండి డబ్బా తీసుకుని గేటు బయటికి వెళ్లాను. దుకాణం నుంచి తెచ్చిన టేపుతో కొలిచి, నేల మీద పొడుగాటి డబ్బా ఒకటి గీశాను. పొడవు 5.3 మీటర్లు, వెడల్పు 1.88 మీటర్లు. అంటే పదిహేడున్నర అడుగులకు కాస్త తక్కువ పొడవు, ఆరడుగుల రెండంగుళాల వెడల్పు. నాలుగు మూలల్లో టైర్ల గుర్తుకు నాలుగు గుండ్రాలు పెట్టాను. అప్పుడే పాల ప్యాకెట్ల కోసం బయటికి వచ్చిన పక్కింటి పెద్దమ్మ ఆగి, "ఏం బిడ్డా, ఇయ్యాల ఏం పూజ?" అని అడిగింది.

పూజ కాదు పెద్దమ్మా, బండి కొందామనుకుంటున్న అన్నాను. ఆమె ఆ గీతను ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసి, "బస్సా?" అంది.

నవ్వులాటకు గీసింది కాదు. మా వీధి పదహారు అడుగులు. మూల మీద కరెంటు స్తంభం, దానికి ఎదురుగా ఒకాయన ఇంటి మెట్లు వీధిలోకి వచ్చి ఉంటాయి. మా పాత డిజైర్ కారు పొడవు నాలుగు మీటర్లకు అయిదు మిల్లీమీటర్లు తక్కువ. ఆ బండితోనే ఆ మూల తిరగడానికి నా కొడుకు రెండేళ్లు ఇబ్బంది పడ్డాడు. దానికి ఇంకో నాలుగడుగుల పైన కలిస్తే ఏమవుతుందో కాగితం మీద తెలియదు. నేల మీద గీస్తేనే తెలుస్తుంది.

మాది హనుమకొండ. హంటర్ రోడ్డుకు దగ్గర. పేరుకు వేటగాళ్ల రోడ్డే గానీ దాని మీద ఉన్న జంతువులన్నీ కాకతీయ జూలో ఉన్నాయి, ఆదివారం పిల్లలు టికెట్ కొని చూసి వస్తారు. నాకు మోటార్ల దుకాణం ఉంది. సబ్‌మెర్సిబుల్ పంపులు, స్టార్టర్లు అమ్ముతాను, కాలిన మోటార్లకు వైండింగ్ చేయిస్తాను. ఎండాకాలం పర్వతగిరి వైపు, పరకాల వైపు రోజుకో ఊరు. మిగతా కాలంలో వారానికి రెండు మూడు.

ఇక రెండో పని వేట. మా తాత దగ్గర భర్మారు తుపాకి, అంటే గొట్టంలో మందు కూరి పేల్చేది, ఉండేదట. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఆ ముచ్చట అయిపోయింది. మా ఇంట్లో ఆ కథలు మాత్రం మిగిలాయి. నాకు వేట అంటే గాలం, బెండు, ఒక డబ్బాలో ఎర్రలు. ఏటూరునాగారం దాటి రామన్నగూడెం దగ్గర గోదావరి ఒడ్డు, లేకపోతే నర్సంపేట అవతలి ఊరచెరువులు. చెరువు ఏ మత్స్య సహకార సంఘం చేతిలో ఉందో కనుక్కుని, వాళ్లను అడిగి, వాళ్లు చెప్పిన డబ్బులు ఇచ్చి కూర్చుంటాం. అభయారణ్యం లోపలి నీళ్ల జోలికి వెళ్లం. మా బామ్మర్ది, ఇద్దరు దోస్తులు, నేను. నెలకు రెండుసార్లు, వానలు బాగా పడి మత్తడి దూకే రోజుల్లో వారం వారం.

డిజైర్ డిక్కీలో కొర్రమీను వాసన ఎక్కితే ఎన్ని రోజులు ఉంటుందో నాకు తెలుసు. పద్దెనిమిది రోజులు. మా ఇంటావిడ లెక్కపెట్టింది. పద్దెనిమిదో రోజున, "ఇంకో బండి కొనుక్కోండి, చేపలకు వేరే గది ఉన్న బండి" అంది. కోపంలో అన్న మాటే. నేను మాత్రం దాన్ని అనుమతి కింద తీసుకున్నాను.

చేపలకు వేరే గది ఉన్న బండి అంటే పికప్. ముందు అయిదుగురు కూర్చునే క్యాబిన్, వెనక తెరిచిన తొట్టి.

మనసు మొదట పోయింది టొయోటా హైలక్స్ మీదికి. అది మన దేశంలోకి 2022లో వచ్చింది. 2.8 లీటర్ల డీజిల్, 204 హార్స్‌పవర్, ఆటోమేటిక్‌లో 500 ఎన్ఎం టార్క్, 700 మిల్లీమీటర్ల నీళ్లలో నడుస్తుందని కంపెనీయే చెబుతుంది. వచ్చినప్పుడే ధర 34 లక్షల దగ్గర మొదలైంది, దాని మీద లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్. ఆ డబ్బుకు నేను ఎన్ని మోటార్లు అమ్మాలో లెక్కేసి ఆ పేజీ మూసేశాను. అంతకు మించి దాని గురించి చెప్పడానికి నాకు అర్హత లేదు.

రెండోది బొలేరో క్యాంపర్. నిజం చెప్పాలంటే దుకాణానికి సరైన బండి అదే. తొట్టిలో టన్ను బరువు వేయొచ్చు, ఏ ఊళ్లో ఆగినా మెకానిక్ ఉంటాడు, ఫోర్ వీల్ డ్రైవ్ రకం కూడా ఉంది. నా దగ్గర మోటార్లు కొనే రైతుల్లో ఇద్దరికి ఉంది, ఇద్దరూ తిట్టరు. కానీ అది పసుపుపచ్చ బోర్డు, అంటే సరుకు బండ్ల లెక్క. ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్‌కు తీసుకెళ్లాలి. స్పీడు ఎనభై దగ్గర కట్టేసి ఉంటుంది. వీటన్నిటికీ నేను ఒప్పుకున్నాను. మా ఇంటావిడ ఒప్పుకోలేదు. "మా తమ్ముని బిడ్డ పెండ్లికి పచ్చ బోర్డు బండిలో దిగాల్నా? టెంట్ సామాను తెచ్చిండ్రనుకుంటరు" అంది. నవ్వాను గానీ ఆమె మాటలో తప్పేం లేదు. డిజైర్ అమ్మేసి ఒకే బండి ఉంచుకోవాలన్నది నా షరతు. ఒకే బండి అయినప్పుడు పెళ్లికీ అదే, ఆస్పత్రికీ అదే.

అట్లా ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్ దగ్గరికి వచ్చాను. తెల్ల బోర్డు మీద, అంటే సొంత బండిగా రిజిస్టర్ అవుతుంది, శ్రీసిటీలో తయారవుతుంది. కొత్తది నా చేతికి అందదు, సెకండ్ హ్యాండ్ అందుతుంది. ఇందులో మొదట 2016లో వచ్చింది 2.5 లీటర్ల ఇంజన్, 2021లో బీఎస్6 అనే కొత్త పొగ నిబంధనలతో తిరిగి వచ్చింది 1.9 లీటర్లది. చిన్న ఇంజన్‌కే బలం ఎక్కువ, 163 హార్స్‌పవర్. పాతదానికి 134. అయినా నేను పాతదే వెతికాను. కారణం నా రోజువారీ తిరుగుడు. ఇంటి నుంచి దుకాణానికి నాలుగు కిలోమీటర్లు. ఇంజన్ వేడెక్కేలోపు షట్టర్ ఎత్తుతుంటాను. బీఎస్6 డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే అప్పుడప్పుడు హైవే మీద కాసేపు ఆగకుండా నడపాలి. ఎప్పుడూ టౌన్‌లోనే చిన్న చిన్న ట్రిప్పులు కొడితే అది మూసుకుపోయి డాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది. దుకాణానికి వచ్చే ఒకాయన తన బండిలో ఆ లైటు వెలిగినప్పుడల్లా జనగామ దాకా ఊరికే పోయి వస్తాడు. నాకు ఆ తీరిక లేదు.

ఇక ఫోర్ బై ఫోర్, అంటే నాలుగు చక్రాలకూ పవర్ అందే రకం, కావాలా వద్దా అన్నది. దీని మీద ఇంట్లో పెద్ద చర్చ జరగలేదు, ఎందుకంటే దానికి ఏడాది ముందే ఒక చెరువు శిఖంలో ఆ చర్చ ముగిసింది.

మా బామ్మర్దికి ఒక మామూలు పికప్ ఉంది. వెనక చక్రాలకే పవర్. ఆ ఏడాది ఆగస్టులో నర్సంపేట అవతల ఒక చెరువుకు అందులో వెళ్లాం. వాన పడి రెండు రోజులైంది. పైన ఎండి నెర్రెలిచ్చినట్టే ఉంది, కింద నల్లరేగడి. సర్కారు తుమ్మల నడుమ ఎడ్లబండ్ల బాట ఉంటే దాని మీదే పోయాం. నీళ్లకు ఇంకో వంద గజాలు ఉందనగా వెనక టైరు ఒకటి ఊరికే తిరగడం మొదలైంది. వాడు యాక్సిలరేటర్ తొక్కాడు. తొక్కొద్దురా అన్నాను. తొక్కాడు. రెండు నిమిషాల్లో ఇరుసు నేలకు ఆనింది.

దిగి చూస్తే విషయం అర్థమైంది. పికప్‌లో ఇంజన్ బరువంతా ముందు. వెనక తొట్టి ఖాళీ. పవర్ పోయేదేమో వెనక్కి. బరువు లేని చక్రం రేగడిలో పట్టు ఎక్కడ దొరకబుచ్చుకుంటుంది? ముగ్గురం తొట్టిలోకి ఎక్కి, సరిగ్గా ఇరుసు మీద నిలబడ్డాం. తుమ్మకొమ్మలు నరికి టైరు కింద వేశాం. కాస్త కదిలింది, మళ్లీ కూర్చుంది. చివరికి కట్ట మీద వెళ్తున్న ట్రాక్టర్‌ను పిలిచాం. అతను దిగి చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "అయిదు వందలు. తాడు మీదైతే. నాదైతే ఆరు" అన్నాడు. మా దగ్గర తాడు లేదు. ఆరు వందలు ఇచ్చాం. ఆ రోజు చేప ఒక్కటి పడలేదు. బురద కడుక్కోవడానికి మాత్రం నీళ్లు పనికొచ్చాయి.

అందుకే ఫోర్ బై ఫోర్ ఉండాలని ముందే అనుకున్నాను. ఏడాదికి ముప్పై రోజులు కూడా వాడనని తెలుసు.

వెతకడం మొదలుపెట్టాక మూడు బండ్లు చూశాను. ఏపీ బోర్డువి చవకగా కనిపించాయి గానీ, ఎన్ఓసీ తెచ్చుకుని ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కడితే ఆ చవక మిగలదు. కాబట్టి తెలంగాణ బండ్లే చూశాను.

మొదటిది మెరిసిపోతోంది. తిరిగింది 48 వేల కిలోమీటర్లేనట. సీటు కవర్లు కొత్తవి, కింద మ్యాట్లు కొత్తవి, లోపల ఏదో మల్లెపూల సెంటు. నాకు ఆ సెంటు దగ్గరే అనుమానం వచ్చింది. చేపల వాసన దాచడానికి నేను కూడా అదే పని చేశాను కదా. డ్రైవర్ సీటు బెల్టును మెల్లగా లాగడం మొదలుపెట్టాను. మామూలుగా మనం బెల్టును మన పొట్ట ఎంతుంటే అంతే లాగుతాం. మిగతాది లోపల చుట్టుకునే ఉంటుంది, కడిగేవాళ్లు కూడా దాన్ని లాగి కడగరు. మొత్తం చివరికంటా లాగితే ఆఖరి రెండడుగుల మీద మట్టి రంగు చార, గీసినట్టు తిన్నగా. వేలితో రుద్దితే పొడి రాలింది. సీటు కింద బోల్టులు తుప్పు. 2023 జూలైలో మా వరంగల్‌లో వరద ఎట్లా వచ్చిందో చూసినవాణ్ణి. నయీంనగర్‌లో నడుము లోతు నీళ్లలో కార్లు తేలిన రోజులు అవి. ఈ బండి ఏ నీళ్లలో మునిగిందో అమ్మే అతను చెప్పలేదు, నేను అడగలేదు. బెల్టు వదిలేస్తే టపటపమంటూ లోపలికి పోయింది.

రెండోదాని ఛాసిస్ మీద వెల్డింగ్ కనిపించింది. కూర్చోకుండానే వచ్చేశాను.

మూడోది కరీంనగర్‌లో దొరికింది. 2018 మోడల్, 91 వేల కిలోమీటర్లు, తొట్టి నిండా గీతలు. ఓనరు గ్రానైట్ క్వారీలో పని చేసే మనిషి. గీతలకు సిగ్గుపడలేదు, దాచలేదు. నచ్చాడు. ఒక్కటి మాత్రం పరీక్షించాను. చాలామంది ఫోర్ బై ఫోర్ కొని ఏళ్ల తరబడి ఆ నాబ్ తిప్పరు, అవసరం వచ్చిన రోజు అది పట్టదు. ఖాళీ మట్టి నేల మీదికి తీసుకెళ్లి, నాలుగు చక్రాలకూ పవర్ ఇచ్చే 4హెచ్‌లో పెట్టి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా రెండు చుట్లు కొట్టాను. ముందు చక్రాలు బిగుసుకుని బండి ఎవరో వెనక్కి లాగుతున్నట్టు కదిలింది. అంటే నాలుగు చక్రాలకూ పవర్ అందుతోంది. గట్టి తారు రోడ్డు మీద ఈ పని చేయకూడదు, గేర్లు నలిగిపోతాయి. తర్వాత బండి ఆపి, నెమ్మదిగా ఎక్కువ బలంతో లాగే 4ఎల్‌లో పెట్టి, క్వారీ దిబ్బ ఒకటి ఎక్కించాను. యాక్సిలరేటర్ మీద కాలు పెట్టకుండానే గేదె గట్టెక్కినట్టు ఎక్కింది. అక్కడే అడ్వాన్స్ ఇచ్చాను.

ఇప్పటికి పది నెలలు. ఇక నేను గొప్పలు చెప్పుకుంటానని అనుకునేవాళ్ల కోసం కష్టాలు ముందు చెబుతాను.

మూల మీద స్తంభం దగ్గర ఒక్క దెబ్బలో తిరగదు. ముందుకు, వెనక్కి, మళ్లీ ముందుకు. రోజూ పొద్దున, రాత్రి. ముగ్గుపిండి గీతలో ఇది తేలలేదు, ఎందుకంటే గీత తిరగదు. బస్టాండు దగ్గర, చౌరస్తా దగ్గర పార్కింగ్ సంగతి మర్చిపోవాలి. దుకాణానికి కాస్త దూరంలో ఒక ఖాళీ జాగా ఓనరుకు నెలకు ఎనిమిది వందలు ఇచ్చి పెడుతున్నాను. మైలేజీ టౌన్‌లో పది, హైవే మీద పన్నెండు. డిజైర్ గుర్తొచ్చి బంకులో మనసు చివుక్కుమంటుంది.

తొట్టి చూసి ఎంత బరువైనా వేయొచ్చు అనుకునేవాళ్లు చాలామంది. కుదరదు. ఇది తెల్ల బోర్డు బండి, కంపెనీ చెప్పే లోడు రెండు వందల కిలోల పైచిలుకే. అయిదు హెచ్‌పీ మోటారు, పంపు, స్టార్టరు డబ్బా, హెచ్‌డీపీఈ పైపు చుట్ట ఒకటి. అంతవరకు హాయిగా మోస్తుంది. ఇరవై అడుగుల జీఐ పైపులు అయిదడుగుల తొట్టిలో ఎక్కడ పడతాయి? వాటికి ఇప్పటికీ ట్రాలీ ఆటోనే. బరువే నీ పని అయితే, తమ్మీ, క్యాంపర్ తీసుకో. పెళ్లిళ్లకు ఆటోలో పో.

అన్నిటికన్నా పెద్ద కష్టం కుదుపు. వెనక కమాన్ పట్టీలు. బరువు మోయడానికి పెట్టినవి కాబట్టి ఖాళీగా ఉన్నప్పుడు గంతులు వేస్తాయి. వెనక సీట్లో కూర్చున్న మా అత్తమ్మ మొదటి రోజే, "అల్లుడా, గిది ఒంటె లెక్కున్నది" అంది. ఆమె ఎప్పుడు ఒంటె ఎక్కిందో నాకు తెలియదు. తర్వాత మేడారం మొక్కు తీర్చడానికి ఆమెనే తీసుకెళ్లాం. నిలువెత్తు బంగారం మొక్కింది. మన దగ్గర అమ్మలకు ఇచ్చే బంగారం అంటే బెల్లమే కదా. అరవై ఎనిమిది కిలోల బెల్లం, దానికి తోడు వంట సామాను, నీళ్ల క్యాన్లు తొట్టిలో పడ్డాయి. ములుగు దాటాక గమనించాను, వెనక నుంచి మాటలు లేవు. అద్దంలో చూస్తే అత్తమ్మ నోరు తెరుచుకుని నిద్ర. తాడ్వాయి దాకా లేవలేదు. తిరిగి వచ్చేటప్పుడు బెల్లం లేదు, మళ్లీ ఒంటె. అప్పటి నుంచి తొట్టిలో ఇరుసుకు సరిగ్గా పైన ఇసుక బస్తాలు రెండు వేసే ఉంచుతున్నాను. కుదుపు సగం తగ్గింది. బురదలో పట్టు కూడా దొరుకుతుంది. ఇసుక బస్తా ఎవరూ ఎత్తుకుపోరు.

బస్తాలతో పాటు తొట్టిలో ఎప్పుడూ ఉండేవి ఒక పార, రెండు చెక్క పలకలు, గాలి నింపే చిన్న కంప్రెసర్, ఇరవై అడుగుల తాడు. ట్రాక్టర్ అతనికి వంద రూపాయలు ఎక్కువ ఇచ్చిన మనిషిని, తాడు మర్చిపోతానా? గోదావరి ఇసుకలోకి దిగేముందు నాలుగు టైర్లలో గాలి ఇరవై పీఎస్‌ఐకి తగ్గిస్తాం. టైరు చపాతీలా పరుచుకుని ఇసుక మీద తేలిపోతుంది. తిరిగి రోడ్డెక్కాక కంప్రెసర్ పెడితే ఒక్కో టైరుకు అయిదారు నిమిషాలు. ఆ అరగంటలో బామ్మర్ది చాయ్ కాస్తాడు. సగం ట్రిప్పు మాకు ఆ చాయ్ కోసమే.

ఇంకో మాట. తొట్టికి పై కవర్ వేయించాలని మొదట్లో ఉబలాటపడ్డాను. వేయించాను కూడా. పస్రా దాటాక అడవి చెక్‌పోస్టు దగ్గర రాత్రి ఎనిమిదింటికి కవర్ మూసిన పికప్ కనబడితే వాళ్లు ఏమనుకుంటారు? టేకు దుంగలో, అడవి మాంసమో. మొదటిసారి అంతా దింపించి చూశారు. వాళ్ల పని వాళ్లు చేశారు, నేనైనా అదే చేస్తాను. ఇప్పుడు చెక్‌పోస్టు కనబడగానే నేనే దిగి, కవర్ చుట్టి, థర్మాకోల్ డబ్బా మూత తీసి, సంఘం వాళ్లు ఇచ్చిన చీటీ చూపిస్తాను. పోయిన నెల అక్కడి సిబ్బందిలో ఒకతను డబ్బాలోకి తొంగి చూసి, "గింతేనా సార్? ఇంత పెద్ద బండేసుకొని?" అన్నాడు. లోపల రెండు జెల్లలు, ఒక బొచ్చె పిల్ల ఉన్నాయి.

వాసన మాత్రం క్యాబిన్‌లోకి ఒక్కనాడూ రాలేదు. ఇంటికి రాగానే మోటారు పెట్టి పైపుతో తొట్టి కొడితే పది నిమిషాల్లో అయిపోతుంది. మోటార్ల దుకాణం వాడికి ఆ మాత్రం ప్రెషర్ దొరకదా?

మొన్న మా ఇంటావిడ ఒక విషయం గుర్తుచేసింది. బండి సరిగ్గా నేను ఆ రోజు గీసిన చోటే ఆగుతోంది. అంటే రోజూ ఆమె ముగ్గు వేసే చోట. పది నెలలుగా ఆమె గేటు పక్కన రెండడుగుల సందులో నాలుగు చుక్కల ముగ్గుతో సరిపెడుతోందట. నేను గమనించలేదు. ఈసారి సంక్రాంతికి మూడు రోజులు బండిని దుకాణం దగ్గరి జాగాలోనే వదిలేసి నడిచి రమ్మంది. నాలుగు కిలోమీటర్లు. సరే అన్నాను. ముగ్గుపిండి డబ్బా కూడా కొత్తది కొనిచ్చాను.